అనుభవం లేదని సర్టిఫికెట్టు

“ఇల్లు దొరక్కపోతే ఏవో తంటాలు పడతాం లేవే. దొరికితే ఎలాగా అని నా బెంగ.”

మంగతాయారు ఈ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. పొద్దున్న ఎనిమిదయింది. కూతురు హైమ ఇడ్లీ తింటోంది. అల్లుడు నిరంజన్ పేపరు తిరగేస్తున్నాడు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. అది ఊడిపడేలా కూడా లేదు, ఆవిడ లేవగానే రెండుసార్లు చూసింది.

దొరికితే ఏమవుతుందమ్మా అని హైమ తలెత్తకుండానే అడిగింది. ఏమవుతుందో మంగతాయారు దగ్గర జాబితా తయారుగా ఉంది. దొరికిన ఇంటికి పగుళ్ళుండొచ్చు. పగుళ్ళు కనబడకపోతే, కనబడకుండా పూడ్చేశారన్నమాట. అద్దె కొంపయితే నచ్చనప్పుడు మూటాముల్లె సర్దుకుని పోవచ్చు. కొనుక్కున్న ఇంట్లోంచి ఎక్కడికి పోతాం? పైగా ఏ గోడ ఎప్పుడు చెమ్మదిగినా అద్దె ఇంట్లో ఓనర్ని తిట్టుకోవచ్చు, సొంత ఇంట్లో ఎవర్ని తిట్టుకుంటాం?

అలా భయపడటం ఆవిడకి కొత్త కాదు. పెళ్ళిలో తలంబ్రాలు కంట్లో పడతాయేమోనని కళ్ళు గట్టిగా మూసుకుని, మొగుడి మొహం మర్నాడు తీరిగ్గా చూసిన మనిషి. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది కాబట్టి భయాలకి పేర్లు తెలియవు గానీ, లెక్క మాత్రం తెలుసు. తన సంగతి తనకి తెలియక కాదు. “నేను నవ్వినా ఎక్కిళ్ళొస్తాయేమోనని మధ్యలో ఆపేస్తానండీ” అని తనే పక్కింటివాళ్ళకి చెప్పుకుని నవ్వేది, మధ్యలో ఆపేసేది.

ఇంతకీ ఇల్లు కావలసిన మాట నిజం. ఆయన పోయిన నాలుగేళ్ళ నుంచీ మంగతాయారు కాకినాడలో కూతురి దగ్గరే ఉంటోంది. మేడమీద రెండు గదుల వాటా. ఇంటాయన కొడుక్కి పెళ్ళి కుదిరింది. కొత్త కోడలు కాపురానికొచ్చేలోపు వాటా ఖాళీ చెయ్యాలని మర్యాదగానే, చేతిలో రెండు లడ్డూలు పెట్టి మరీ చెప్పి వెళ్ళాడు. హైమకి ఏడో నెల. వాటా ఖాళీ చెయ్యడమూ, కాన్పూ ఒకే నెలలో పడ్డాయి. పురిటిమంచం ఏ ఇంట్లో వేస్తామో తెలియదు. పసిబిడ్డతో మళ్ళీ అద్దె ఇళ్ళ వెంట తిరగనని, ఈసారి చిన్నదో చితకదో సొంతదేనని హైమ పంతం పట్టింది. నిరంజన్ రక్తపరీక్షల లాబులో పనిచేస్తాడు. సూదితో గుచ్చేటప్పుడు కూడా ఎదుటివాళ్ళకి నొప్పెట్టకుండా మాట్లాడే మనిషి. భార్య పంతాన్నీ, అత్తగారి బెంగనీ రెండు చేతుల్లో పెట్టుకుని ఆర్నెల్లుగా ఇళ్ళు చూస్తున్నాడు.

చూసిన ఇళ్ళకి లోటు లేదు. నేలమీద ఇల్లయితే పాములొస్తాయని మంగతాయారు భయం. మొదటి అంతస్తు దొంగలకి మరీ అందుబాటు. పై అంతస్తులో ఎండ, వాన రెండూ నెత్తిమీదే. మధ్య అంతస్తుల్లో పైవాళ్ళ నీళ్ళు, కిందవాళ్ళ తాలింపు ఘాటు. లిఫ్టుంటే మధ్యలో ఆగుతుంది, లేకపోతే నిండు చూలాలు మెట్లెక్కాలి. అలా ఒక్కొక్కటే తీసేసుకుంటూ వస్తే, మనుషులుండటానికి పనికొచ్చే అంతస్తు ఏ భవనంలోనూ మిగల్లేదు.

అప్పుడు పేపర్లో తొలిగూడు మండలి ప్రకటన పడింది. ఊరి శివార్లలో తొంభై ఆరు ఫ్లాట్లు, జీవితంలో మొట్టమొదటిసారి ఇల్లు కొనేవారికి మాత్రమే, వాళ్ళకి అందుబాటు ధరలో. నిరంజన్ ఆ ప్రకటనని రెండుసార్లు చదివి, కత్తిరించి, దేవుడి పటం వెనకాల పెట్టాడు. వాళ్ళ జీతాలకి అందే సొంతిల్లు ఊళ్ళో అదొక్కటే. అది పోతే ఇంకోటి లేదు.

మండలివారి కథ చిన్నది. మొదటి ఏడాది కట్టిన ఫ్లాట్లన్నీ కొనడం, అమ్మడంలో ఆరితేరినవాళ్ళు ఎగరేసుకుపోయారు. తనిఖీకి వచ్చినవారు “లబ్ధిదారులలో అనుభవజ్ఞులు కలరు” అని ఒక్క వాక్యం రాసి వెళ్ళారు. మామూలు మనుషులైతే ఎవరికి ఎన్ని ఇళ్ళున్నాయో చూసుకునేవారు. మండలివారు అంతకంటే లోతుగా ఆలోచించారు. ఇల్లు ఉండటం తప్పు కాదు, ఇంటి గురించి తెలిసుండటమే అసలు రోగం అని తేల్చారు. ఆ రోజు నుంచి అనుభవం బొత్తిగా లేనివారే అర్హులు. లేదని రుజువు చెయ్యాలి.

ఊరు ఆ మాటని భలేగా అందుకుంది. భానుగుడి సెంటర్లో “తెలియదు అని గర్వంగా చెబుదాం” అని బ్యానరు వెలిసింది. కాలేజీ లెక్చరర్లు, ప్లీడర్లు కూడా నలుగురిలో నిలబడి, గోడకీ స్తంభానికీ తేడా తమకి తెలియదని చెప్పుకోసాగారు. రిటైరైన ఇంజనీరు ఒకాయన తన డిగ్రీ పటాన్ని గోడకి తిరగేసి తగిలించాడు.

మండలి ఆఫీసులో వీళ్ళ ఫైలు చూసేది అనుభవ పరిశీలనాధికారి పద్మనాభంగారు. తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో మూడు పెన్నులు. ఆయన మాట్లాడితే కాగితం మాట్లాడినట్టుండేది.

“సదరు దరఖాస్తుదారుని కుటుంబమునందు, గృహ సంబంధమైన విషయములలో ఎవరికైనను, ఎప్పుడైనను, ఏదైనను తెలిసియుండుట జరిగినదా?”

మాకేం తెలియదండీ అని నిరంజన్ నిజాయితీగా చెప్పాడు. ఆర్నెల్లు తిరిగినా తెలియలేదని కూడా కలిపాడు. అధికారి మెచ్చుకోలుగా తలూపి, రేషన్ కార్డు తిప్పి, మూడో పేరు దగ్గర ఆగాడు. ఎన్ని ఇళ్ళలో ఉన్నారమ్మా అని అడిగాడు.

నోరు మూసుకుని కూర్చోమని ఇంటి దగ్గరే చెప్పి తీసుకొచ్చారు. కానీ లెక్క అడిగితే అబద్ధమాడటం మంగతాయారుకి చేతకాదు. ఆవిడ భర్త బస్సు డిపోలో మెకానిక్కు. తుని, పిఠాపురం, సామర్లకోట, మళ్ళీ తుని, పెద్దాపురం. ఎక్కడ బదిలీ అయితే అక్కడ వాటా, వాటా నచ్చకపోతే ఇంకో వాటా.

“పధ్నాలుగండి,” అంది.

అధికారి పెన్ను ఆగింది. మండలి నిబంధనల పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదువుకుని, పద్మనాభంగారు తల పైకెత్తాడు.

“అద్దెకుండుట అనుభవము కాదు. అద్దెకుండి ఏమైనా నేర్చుకొనియున్నచో మాత్రమే అనుభవము. తమరు నేర్చుకొనుట జరిగినదా?”

బల్ల కింద హైమ కాలు తల్లి కాలిమీద పడింది. ఇరవై ఎనిమిదేళ్ళు, పధ్నాలుగు ఇళ్ళు. ఏ గోడ తడితే ఎలా మోగుతుందో, ఏ గచ్చు మీద చెంబుడు నీళ్ళు పోస్తే ఎటు పారతాయో, అలమర తెరిచి మొహం లోపల పెడితే వాసన ఏం చెబుతుందో ఆవిడకి తెలుసు. చదువు లేని మనిషికి జీవితంలో తెలిసిందల్లా అదే.

“ఏమీ నేర్చుకోలేదండి,” అంది. అన్నాక గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. అది గుండెజబ్బేమోనని ఇంటికెళ్ళేదాకా ఆవిడ భయపడింది.

పద్ధతి ఇదీ అని అధికారి వివరించాడు. మూడు ఫ్లాట్లు చూపిస్తారు. ప్రతి సందర్శనలో తాను వెంట ఉండి, అనుభవసూచక చర్యలు నమోదు చేస్తాడు. మూడు చర్యలు దాటితే ఆ ఫ్లాటు రద్దు. మూడు ఫ్లాట్లూ రద్దయితే ఆ ఇంటివారిని అనుభవజ్ఞ కుటుంబంగా ప్రకటించి, పేర్లు నోటీసుబోర్డు మీద పెడతారు, ఇక జన్మలో అర్హత ఉండదు. రేషన్ కార్డులో ఉన్న ప్రతివారూ సందర్శనకి రావాలి, ఒకరిని ఇంట్లో దాచిపెట్టి రావడం కూడా అనుభవం కిందికే వస్తుంది. అడగకూడని ప్రశ్నలు మూడువందల పన్నెండు ఉన్నాయట. ఆ జాబితా ఒకసారి చూడొచ్చాండీ అని నిరంజన్ వినయంగా అడిగాడు.

“చూచినచో తెలియును. తెలిసినచో అనుభవము,” అన్నాడు అధికారి, అంతే వినయంగా.

మొదటి ఫ్లాటు చూడటానికి వెళ్ళినరోజు వీళ్ళకంటే ముందు ఒక లెక్చరరుగారి కుటుంబం ఉంది. ఆయన పక్క ఫ్లాటు గుమ్మంలో నిలబడి, గోడలు నాలుగూ ఉన్నాయి, అంతకంటే ఇంటికేం కావాలండీ అన్నాడు. అధికారి చెయ్యి కలిపి తాళం చేతిలో పెట్టాడు.

వీళ్ళు తమ వంతు ఫ్లాటులోకి వెళ్ళారు. హైమ బాల్కనీలోకి పోయి గాలి బావుందంది. నిరంజన్ టీవీ పెట్టే చోటు వెతికాడు. మంగతాయారు చేతులు కట్టుకుని నడవాలనే అనుకుంది. కానీ ఆ చేతులు ఆవిడ మాట ఎప్పుడు విన్నాయి గనక. దారిలో గోడ కనిపిస్తే కుడిచెయ్యి దానంతటదే వెళ్ళి మూడుసార్లు తట్టింది. వంటింట్లో కుళాయి తిప్పి, బొటనవేలు అడ్డంపెట్టి ఒత్తిడి చూసింది. బయటికొస్తూ వాచ్‌మన్‌ని, నువ్వు తాగేది ఈ బోరు నీళ్ళేనా, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకుంటావా బాబూ అని అడిగింది. వాడు తన వెనకున్న సీసాని కాలితో పక్కకి జరిపాడు. సీసా జరగడం ఆవిడ చూసిందని అధికారి చూశాడు. నాలుగోది అదే.

అక్కడికక్కడే చదివి వినిపించాడు. “వేలి కణుపుతో గోడను మూడుమార్లు తట్టినారు. నీటి ఒత్తిడిని అంచనా వేసినారు. కాపలాదారుని నీటిమూలమును విచారించినారు. అతని సమాధానము అబద్ధమని గ్రహించినారు.” చివరిది రాసేటప్పుడు ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది. ఫ్లాటు రద్దయింది.

ఇలా ఊళ్ళో చాలామంది ఓడిపోతున్నారని, మండలివారు జాలిపడి అనుభవరాహిత్య శిక్షణ తరగతులు పెట్టారు. మూడు రోజులు, టీ బిస్కెట్లతో. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎటు చూడకూడదో నేర్పారు. మగవాళ్ళు కారు పార్కింగు గురించి, ఆడవాళ్ళు కర్టెన్ల రంగు గురించి మాత్రమే మాట్లాడాలి. అందరూ నిలబడి “అబ్బ, ఎంత బావుందో” అని ముక్తకంఠంతో అనాలి. మంగతాయారు అనేటప్పుడు మాత్రం చివర్లో ఒక ప్రశ్న గుర్తు వినిపిస్తోందని శిక్షకురాలు ఆవిడ్ని వెనక బెంచీలో కూర్చోబెట్టింది.

చివర్న పరీక్ష పెట్టారు. వర్షాకాలంలో ఏ గోడ చెమ్మగిల్లును అన్నది మొదటి ప్రశ్న. వర్షాకాలం అనగానేమి అన్నది సరైన జవాబు. మంగతాయారుకి ఎనిమిదో తరగతి తర్వాత మళ్ళీ ఇప్పుడే ఒక ప్రశ్నాపత్రంలో తనకి తెలిసిన ప్రశ్న కనిపించింది. ఆగలేకపోయింది. పడమటి గోడ, అందులోనూ బాత్రూంకి ఆనుకున్నది, అందులోనూ కిటికీ మీద రేకు లేనిది అని పేజీన్నర రాసి, ఇంకో కాగితం అడిగింది. ఫెయిలైంది. హైమా, నిరంజన్ ఫస్టుక్లాసులో పాసయ్యారు.

వారం తిరక్కుండా మండలివారి కొత్త సర్క్యులరు వచ్చింది. శిక్షణలో ఉత్తీర్ణులైనవారు ఒక నైపుణ్యం సంపాదించినట్టు, నైపుణ్యం అంటే అనుభవమే, కాబట్టి పాసైనవారంతా అనర్హులు. ఫెయిలైనవారే స్వచ్ఛమైనవారు. పాసైనవాళ్ళు లబోదిబోమన్నాక కొంచెం సడలించారు. నేర్చుకున్నదంతా మరచిపోయామని నోటరీ చేయించి హామీపత్రం ఇస్తే చాలన్నారు. హైమా, నిరంజన్ ఒక రోజంతా లైన్లో నిలబడి మర్చిపోయి వచ్చారు. కుటుంబం మొత్తంలో ఏ మచ్చా లేకుండా మిగిలింది మంగతాయారు ఒక్కతే. ఆ ముక్క వాకిట్లో నిలబడి నలుగురికి చెప్పుకుంది. గొప్పకి చెప్పుకున్నదో, తిట్టుకుంటూ చెప్పుకున్నదో ఆవిడకే తేలలేదు.

రెండో ఫ్లాటు రోజున ఆవిడ మహా జాగ్రత్తగా ఉంది. చేతులు కొంగులో చుట్టుకుంది. నోరు విప్పలేదు. లోపలికి వెళ్ళి మూడు నిమిషాలు కాకుండానే అధికారి పుస్తకం మూసేశాడు. ఆవిడేం చేశారండీ అని నిరంజన్ మొదటిసారి కాస్త గొంతు పెంచి అడిగాడు.

గదిలోకి రాగానే ఆవిడ పైకప్పు మూల చూసిందట. మూడు గదులు, బాత్రూము, నాలుగుసార్లు. సామాన్య మానవుడు ముందుగా నేలను చూచును, అనుభవమున్నవారే పైకప్పు మూలను చూచెదరు అని పద్మనాభంగారు చెప్పాడు. ఆ మూలలో ఏముందని మాత్రం ఎవరూ అడగలేదు. అక్కడ గోధుమరంగు మచ్చ ఉంది, పళ్ళెమంత. హామీపత్రం ఇచ్చినవాళ్ళిద్దరికీ అది కనిపించలేదు.

ఇంటికొచ్చాక మంగతాయారు తన పేరు రేషన్ కార్డులోంచి తీయించెయ్యమంది. పెద్దాపురంలో మరిది ఇంట్లో ఉంటానంది. నిరంజన్ ఆ మాట వినిపించుకోనట్టే గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, అంతమాట అనకండి అత్తయ్యగారూ, పేరు తీయించాలన్నా మూడు నెలలు పడుతుంది అన్నాడు. అందులో ఓదార్పు ఎంతో, లెక్క ఎంతో ఆయనకే తెలియాలి.

హైమ మాత్రం మంచంమీద నడుముకి దిండు పెట్టుకుని, తల్లి వంక సూటిగా చూసింది. కాళ్ళు వాచి ఉన్నాయి. కళ్ళు కూడా.

“అమ్మా, ఎల్లుండి ఆఖరిది. నీకు తెలిసిందేదైనా ఉంటే ఇంట్లో పెట్టి రా. నా బిడ్డని పట్టుకుని వీధులు తిప్పించకు.”

మంగతాయారు సరేనంది. కూతురి మాటలో తప్పు కనపడలేదు. ఆలోచిస్తే, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తాను పడ్డ భయాల్లో నూటికి తొంభై తొమ్మిది ఉత్తవే. హైమకి జలుబు చేస్తే న్యుమోనియా అంది, అల్లుడు పావుగంట ఆలస్యమైతే లారీ అంది. ఎప్పుడూ భయపడేదాని భయానికి ఎవరు విలువిస్తారు? ముందు తనే ఇవ్వదు.

మూడోరోజు బయల్దేరేముందు డబ్బాలోంచి ఎండు కరక్కాయ ముక్క తీసి బుగ్గన పెట్టుకుంది. అది నోట్లో ఉంటే వగరుకి నాలుక మొద్దుబారుతుంది, మాట పెగలదు. కళ్ళకి ఏ మందూ లేదు కనక, నేలకేసి చూస్తూ నడవాలని ఒట్టు పెట్టుకుంది.

మూడో ఫ్లాటు రెండో అంతస్తులో ఉంది. గోడలకి కొత్త రంగు నిగనిగలాడుతోంది. గుమ్మానికి మామిడాకులు కూడా కట్టారు. హైమ లోపల అడుగుపెట్టి, ఆర్నెల్లలో మొదటిసారి మనసారా నవ్వింది. హాలు, వంటిల్లు తిరిగి, వంటింటి పక్కగదిలో ఆగింది. పైకప్పుకి ఒక కొక్కెం ఉంది. ఉయ్యాల ఇక్కడ కడదామండీ అని నిరంజన్‌తో అంది. నిరంజన్ కొక్కేనికేసి చూసి, కిటికీలోంచి వచ్చే వెలుతురు చూసి, బిడ్డ నిద్రపోవడం కూడా చూసేసినట్టున్నాడు.

మంగతాయారు నేలకేసే చూస్తోంది. గచ్చు మీద, సరిగ్గా కొక్కెం కింద, గవ్వంత ఎర్రటి మరక ఉంది. కొత్తగా తుడిచిన గచ్చు మీద అది ఒక్కటే పోలేదు. నేలకేసి చూస్తానని ఒట్టు పెట్టుకుంది గానీ, నేలే పైకి చూడమంటే ఏం చేస్తుంది. కనురెప్పల చాటు నుంచి ఒక్క క్షణం చూసింది. కొక్కెం చుట్టూ రంగు కింద గుండ్రంగా తుప్పు ఉబికింది. శ్లాబు నీళ్ళు తాగింది. లోపలి ఇనుము తుప్పు పట్టింది. పధ్నాలుగు ఇళ్ళలో ఒకటి, సామర్లకోటలోది, ఇలాగే ఉండేది. ఒక మధ్యాహ్నం వాళ్ళు వంటింట్లో భోజనం చేస్తుంటే గదిలో పైపెచ్చు చాపంత ఊడిపడింది. పసిపిల్ల హైమని పడుకోబెట్టే చాప సరిగ్గా దాని కిందే ఉంది, ఆ పూట హైమ తన ఒళ్ళో ఉంది కాబట్టి సరిపోయింది.

నిలదొక్కుకోవడానికి గోడకి ఆనుకుంది. జాకెట్టు వీపంతా చల్లబడింది. కొత్త రంగు కింద గోడ తడిగా ఉంది.

కరక్కాయని గట్టిగా కొరికింది. వగరు చెవులదాకా పాకింది. అధికారి పుస్తకంలో ఇంకా ఒక్క గీత కూడా పడలేదు. ఆయన సంతోషంగా ఉన్నాడు. ఈ కుటుంబం తన చేతిలో బాగుపడిందని అనుకుంటున్నట్టుంది. కిటికీ గట్టు మీద ప్రకటన పత్రం పరిచి, చదివి వినిపించాడు. “మేము సదరు గృహమును ఆసాంతము సందర్శించితిమి. మాకు ఎట్టి సందేహమును కలుగలేదు. భవిష్యత్తునందు కూడ కలుగబోదని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాము.” నిరంజన్ పెన్ను అందుకున్నాడు. మూడు జేబు పెన్నుల్లో ఆకుపచ్చది, శుభకార్యాలకి వాడేది, పద్మనాభంగారే తీసి ఇచ్చాడు.

మంగతాయారు తనతో తాను పోట్లాడుతోంది. ఇది నిజం భయమా, రోజూ పడే భయమా? ఫ్యాను ఊడిపడుతుందని రోజూ పొద్దున్న పడేదీ భయమే, ఇదీ భయమే. రెండూ ఒకేచోట, ఒకేలా దడదడలాడతాయి. ఏది ఏదో చెప్పేవాళ్ళు ఆవిడకి ఎప్పుడూ లేరు. ఉన్న ఒక్కాయనా నీకన్నీ అనుమానాలే మంగా అంటూనే పోయాడు. నోరు విప్పితే ఇల్లు పోతుంది, ఇంకోటి లేదు, పురిటికి చోటు లేదు, కూతురు జన్మలో క్షమించదు. విప్పకపోతే ఆ కొక్కేనికి ఉయ్యాల కడతారు.

నిరంజన్ మొదటి సంతకం పెట్టాడు. రెండోది హైమది. హైమ ఒక చేత్తో గోడ పట్టుకుని ముందుకి వంగింది.

మంగతాయారు బుగ్గలోంచి కరక్కాయ ముక్క తీసి కొంగున కట్టుకుంది.

హైమ పెన్ను పట్టుకున్నదల్లా ఆగి, వద్దమ్మా అన్నట్టు చూసింది. పద్మనాభంగారు వెంటనే పుస్తకం తెరిచాడు. గోడ గురించా, గచ్చు గురించా, నీళ్ళ గురించా అని ఆయన వేలు జాబితా మీద తయారుగా నిలబడింది. కానీ మంగతాయారు గోడకేసి చూడలేదు, కొక్కేనికేసి చూడలేదు. ఆయన మొహంలోకే చూసింది. ఎత్తిపొడవాలని కాదు. దారి తెలియని మనిషి వీధిలో పోయేవాళ్ళని ఆపి అడిగినట్టు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

“మీరైతే ఈ ఇల్లు కొంటారా బాబూ?”

పద్మనాభంగారి వేలు జాబితాలో కిందికి దిగింది. ఒక పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. మూడువందల పన్నెండు ప్రశ్నల్లో ఇది లేదు. మళ్ళీ మొదటికి వచ్చాడు. ఇది అనుభవమో కాదో కూడా తేలినట్టు లేదు, రాయబోయి చేతిలో పెన్ను లేదని చూసుకున్నాడు, ఆకుపచ్చది హైమ చేతిలో ఉంది.

కింద ఎక్కడో మోటారు నడుస్తోంది. గుమ్మానికి కట్టిన మామిడాకులు గాలికి గలగలమని ఆగాయి. హైమ గోడమీద నుంచి చెయ్యి తీసి అరచెయ్యి చూసుకుంది. తడి, కాస్త రంగు. చూసుకుని, చీరకి తుడుచుకోకుండా అలాగే పట్టుకుంది. నిరంజన్ మొదటిసారి తల పూర్తిగా వెనక్కి వాల్చి, పైకప్పుకేసి, కొక్కేనికేసి, నేర్చుకున్నవీ మర్చిపోయినవీ అన్నీ వదిలేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

పద్మనాభంగారు పుస్తకం మూశాడు. కిటికీలోంచి బయటికి చూశాడు, మళ్ళీ లోపలికి చూశాడు. ఒకసారి నోరు తెరిచి, “సదరు విషయమై…” అన్నాడు గానీ, ఆ వాక్యం ముందుకి కదల్లేదు. జేబులో మిగిలిన రెండు పెన్నుల్నీ సర్దుకున్నాడు. మోటారు ఆగిపోయింది. మంగతాయారు ఆయన మొహంమీద నుంచి చూపు తిప్పలేదు.

“కొననమ్మా,” అన్నాడు చివరికి, మామూలు మనిషి గొంతుతో. “నాకు అనుభవం ఉంది.”